అవ్వ గర్భమునందే యారంభమగు బిడ్డ రక్షణము

(చక్రాయపేటలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



 ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములనుండి చేతిపనులు మానుకొని, వ్యయప్రయాసల కోర్చి యీ చక్రాయపేటకు విచ్చేసిన మీ యెదుట నిలిచి మాటలాడు భాగ్యము గలిగించినందులకు సంఘ కార్యనిర్వాహకులకు మేము కృతజ్ఞులము. ఉదయమునుండి పెద్దలు విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, యువకుల జీవనోపాధిని గూర్చియు ప్రసంగించిరి. ఇవన్నియు మన సంతతి మేలు కోరినవే. మేము చెప్పబోవునదియు సంతతిని గూర్చియే. అయితే యది సంతతి పుట్టకమునుపటి కథ. ఇట్టి విషయము సభలో బాహాటముగా జెప్పుకొనదగినది కాదని కొందఱు సంకోచింపవచ్చును. ఇంటింట స్త్రీలచే రహస్యముగా కన్నీరు గార్పించు విషయమును నలుగురిలో విచారించుటకు సిగ్గుపడరాదని మా మనవి.

మేము ఈ సీమ పల్లెలలో చిరకాలము వైద్యము చేసినవారము. కొన్నియేండ్ల క్రిందట ఒక యత్తగారు కోడలిని వెంటబెట్టుకొని మాయొద్దకు వచ్చిరి. పెండ్లియై యేడేండ్లు నిండినవి, బిడ్డలు లేరు. కోడలికి ముప్పది యేండ్లయినను నిండలేదు. ముట్లు అప్పటికే తప్పి తప్పి వచ్చుచుండెను. పరీక్షలు చేసి చూడగా, ఆమె యండాశయములలోని యండముల నిలువ, ముట్లుడుగు వయస్సు దగ్గఱించిన స్త్రీకి మిగులునంతకు దఱిగియుండెను. ఈ మాట విని యత్తగారు, “ఈమె యే జన్మమున నేమి పాపము చేసినదో, మా యింట దీపము పెట్టు బిడ్డ లేకపోయె” ననిరి. కోడలు తల వంచుకొని కూర్చుండెను. ఆ యింట కుమారునకు రెండవ సంబంధము చూచుచున్నారని పిమ్మట దెలిసినది.

ఆనాడు మేము వారికి జెప్పిన సమాధానమునే నేడు మీకు విస్తరించి చెప్పుచున్నాము. “అమ్మా, ఈమె యండాశయము తయారైనది మీ యింట నడుగిడిన తరువాత గాదు, పుట్టిన తరువాతను గాదు. తన తల్లి కడుపున పిండముగా నున్నప్పుడే తయారైనది. అప్పుడు జరిగినదానికి ఈమె యెట్లు బాధ్యురాలగును?” ఇదియే మేమిచ్చిన సమాధానము.

ఈ మాటను కొంచెము వివరింతుము. పురుషుని బీజములు యౌవనమునుండి దినదినము క్రొత్తగా బుట్టుచుండును. స్త్రీ విషయ మట్లుగాదు. ఆడుశిశువు తల్లిగర్భమున నుండగానే, సుమారైదవ మాసమునాటికి, ఆమె యండాశయములు రెంటను గలిపి 60 నుండి 70 లక్షల అండకణము లేర్పడును. ఆమె పుట్టునప్పటికి వానిలో 10 నుండి 20 లక్షలు మాత్రమే మిగులును. పెద్దమనిషి యగునాటికి నవి 3, 4 లక్షలకు దిగును. జీవితకాలమున పక్వమై వెలువడునవి యించుమించు 400 మాత్రమే. తక్కినవి తమంతట నశించును. మన పూర్వులు ధాన్యమును పాతరవేయు పద్ధతిని మీలో పెద్దలెఱుగుదురు. పాతరను నింపి మూసిన పిమ్మట దానినుండి తీసికొనుటయే గాని మఱల నింపుట లేదు. నింపునాడే తేమ తగిలినయెడల ఆ నష్టము మూత తీసిననాడు గాని తెలియదు. స్త్రీ యండాశయము అట్టి పాతర. దానిని నింపుట గర్భమునందే జరుగును. మూత తీయుట పండ్రెండు పదమూడేండ్లకు గాని జరుగదు.

గర్భమునందు జరుగు పని లెక్క కుదుర్చుట మాత్రమే గాదు. ఒక్కొక్క యండము చుట్టును చిన్న కణములు కావలివాండ్రవలె చేరి పుటిక యను నొక గూడుగా నేర్పడవలెను. ఒక గూటి కొక్క యండమే యుండవలెను. తల్లినుండియు తండ్రినుండియు వచ్చిన క్రోమోసోములు అండములో జతలుగూడి, తమ భాగములను మార్చుకొని, అచ్చటనే యాగిపోవలెను. ఆగిన యాపని పదునైదేండ్లకో ముప్పదేండ్లకో ఆ యండము పక్వమగునప్పుడు మఱల సాగును. గర్భమున జత సరిగా గూడకపోయినచో, ముప్పదేండ్ల తరువాత గర్భము నిలువకుండుట, నిలిచిన గర్భము పోవుట మొదలగునవి సంభవింపవచ్చును.

ఇందొక యాశ్చర్యము గలదు. మనలో ప్రతియొక్కరు ఏ యండమునుండి పుట్టిరో, ఆ యండము తమ తల్లి యింకను తన తల్లి కడుపున నున్నప్పుడే యేర్పడినది. అనగా, మన సీమలో అవ్వ యని పిలుచుకొను తల్లినిగన్న తల్లి గర్భమునందే మన సగము శరీరమునకు బీజము సిద్ధమైనది. కావున ఆడుశిశువును మోయు గర్భిణి ఒక్కతె గాదు. ఆమెలో మూడుతరము లున్నవి. ఆమెకు చేసిన మేలు మూడుతరములకు మేలు. ఆమెకు తగిలిన విషము మూడుతరములకు విషము.

ఇంతటి సూక్ష్మమగు పనిని నడపునవి హార్మోనులు. ఇవి శరీరములోని గ్రంథులనుండి పుట్టి, నెత్తురులో ప్రవహించి, తాళమునకు చెవివలె తగిన కణములయందు మాత్రమే యమరి, వానిచే పని చేయించును. వాని పరిమాణము మిక్కిలి స్వల్పము. స్త్రీత్వమునకు మూలమగు ఈస్ట్రోజెను ఒక మిల్లీలీటరు నెత్తురులో, గ్రామును లక్షకోట్ల వంతులు చేసినచో, అందు కొన్ని పదుల నుండి కొన్ని వందల వంతులు మాత్రమే యుండును. ఇంత స్వల్పమైనను శరీరమునెల్ల నడపును. కొన్ని కృత్రిమ రసాయనములు దొంగచెవులవలె ఈ తాళములలో దూరి, తెఱవవలసినప్పుడు మూయుచు, మూయవలసినప్పుడు తెఱచుచుండును. అమెరికాలో 1991లో థియో కోల్‌బర్న్ అను విదుషీమణి చొరవతో కూడిన శాస్త్రజ్ఞులు ఇట్టివానికి హార్మోనులను కలతపెట్టు రసాయనములని పేరిడిరి.

పేరు క్రొత్తదైనను గాథ పాతది. లండనులో చార్లెస్ డాడ్స్ అను శాస్త్రజ్ఞుడు 1936లో బిస్‌ఫినాల్ ఏ అను పదార్థము ఈస్ట్రోజెనువలె పనిచేయునని కనుగొనెను. 1938లో అంతకన్న బలమైన డైఇథైల్ స్టిల్బెస్ట్రాల్ అను కృత్రిమ హార్మోనును తయారుచేసెను. గర్భస్రావము కాకుండ నాపునని నమ్మి, అమెరికాలోను ఇతర దేశములలోను లక్షలకొలది గర్భిణుల కీ మందు నిచ్చిరి. ఇది గర్భస్రావము నాపదని 1953లో చికాగోలో జరిగిన పరీక్షవలన దేలినను, ఇచ్చుట మానరైరి. 1971లో బోస్టను నగరమున హెర్బ్‌స్ట్ మొదలగు వైద్యులు, సాధారణముగా వృద్ధస్త్రీలకుగాని రాని యొక యోని క్యాన్సరు 15 నుండి 22 ఏండ్ల యువతు లెనమండుగురికి వచ్చుట చూచి విచారింపగా, ఏడుగురి తల్లులు గర్భవతులై యుండగా ఈ మందు దినినట్లు దేలినది. ఆ సంవత్సరముననే అమెరికా ఔషధశాఖ గర్భిణులకు ఈ మందు వలదని హెచ్చరించినది.

ఆ తల్లుల కుమార్తెలను శాస్త్రజ్ఞులు విడువక దశాబ్దములు పరిశీలించిరి. 2011లో ప్రకటించిన ఫలితములను వినుడు. 45 ఏండ్లలోపల సంతానలేమి, మందు తగిలినవారిలో నూటికి 33 మందికి గాగా, తగులనివారిలో 15 మందికే గలిగెను. అకాలమున ముట్లుడుగుట తగిలినవారిలో నూటికి 5, తగులనివారిలో 2కన్న తక్కువ. ఆ యాడుబిడ్డలు ఏ మందును దినలేదు. ఏ తప్పును జేయలేదు. తల్లి కడుపున నుండగా తగిలినది. ఫలము ముప్పది నలువదేండ్లకు గనబడినది. మేము చెప్పిన పాతర దృష్టాంతమునకు ఇంతకన్న నిదర్శనమేల?

ఇక బిస్‌ఫినాల్ ఏ మాట. గట్టి ప్లాస్టికు సీసాలు చేయుటకును, డబ్బాల లోపలి పూతకును దీనిని వాడిరి. 1998లో క్లీవ్‌లాండు నగరపు ప్రయోగశాలలో పట్రీషియా హంట్ అను శాస్త్రజ్ఞురాలు ఎలుకల యండములను పరిశీలించుచుండగా, ఒక్కసారిగా వానిలో క్రోమోసోముల పొరపాట్లు మిక్కుటమయ్యెను. విచారింపగా, ప్లాస్టికు బోనులను, నీటిసీసాలను తగని సబ్బుద్రవముతో కడుగుటచే ప్లాస్టికు చివికి, అందలి బిస్‌ఫినాల్ నీటిలోనికి దిగినట్లు దెలిసినది. ఈ సంగతి 2003లో ప్రకటితమైనది. పిదప చూలి యెలుకలకే యా పదార్థము నిచ్చి చూచిరి. వాని కడుపులోని యాడుపిల్లల యండములలో క్రోమోసోముల జతలు చెడినవి. ఆ పిల్లలు పెరిగినపిదప వాని యండములు లోపభూయిష్ఠములయ్యెను. ఇది 2007లో ప్రకటితము. అవ్వకు తగిలినది మనుమలకు సంక్రమించుట యన నిదియే.

అడవిమృగములును సాక్ష్యమిచ్చుచున్నవి. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున అపోప్కా యను సరస్సులోనికి చుట్టుపట్ల తోటల మందునీరు చేరుచుండగా, 1980లో ఒక పురుగుమందుల కర్మాగారమునుండి విషద్రవ్యమును ప్రవహించెను. 1994లో గిల్లెట్ మొదలగువారు అచ్చటి మొసలిపిల్లలను బరీక్షింపగా, ఆడుపిల్లల నెత్తురులో ఈస్ట్రోజెను రెట్టింపునకు దగ్గఱగా నుండెను. ఒక గూట నొక్క యండముండవలసిన పుటికలలో పెక్కు యండము లుండెను. మందు కొట్టినవారు మొసళ్లను ఉద్దేశించి కొట్టలేదు. నీరు పోవుచోటికి విషమును బోవును.

సోదరులారా! ఇదియంతయు పరదేశముల కథయని తలపకుడు. ప్రత్తిచేను, చీనీతోట, అరటితోట, వేరుశనగచేను మన బ్రదుకులు. మన చేలకు మందు కొట్టుట యెంత పరిపాటియో మీకు మేము చెప్పనేల? 1970లో సంకరజాతి ప్రత్తి వెలువడినది మొదలు, ఆ విత్తనమును బండించుటకు ప్రతిపూవును చేతితో సంకరము చేయవలసివచ్చినది. సాయంకాలమున మొగ్గనుండి పుంకేసరములు త్రుంచి, మఱునాటి యుదయమున పుప్పొడి యద్దవలెను. ఈ పని మన పొరుగున నున్న కర్నూలు ప్రాంతమునను, ఆవల మహబూబునగరు ప్రాంతమునను ఎక్కువగా సాగినది. చిన్నచేతులు, తక్కువకూలి యను కారణముల వలన ఈ పనికి పెట్టినది ఏడేండ్లు మొదలు పదునాలుగేండ్ల లోపు ఆడుపిల్లలనే యని పరిశోధకులు గ్రంథస్థము చేసియున్నారు. మందు కొట్టిన పూవులలో చేయిపెట్టి నెలలకొలది పనిచేసిన ఆ పిల్లలు, యౌవనము వచ్చు కాలముననే, అనగా అండాశయము నిద్రమేల్కొను కాలముననే, విషమునకు గుఱియైరి. 2016లో సవరించిన చట్టము పదునాలుగేండ్లలోపు పిల్లలను కూలికి బెట్టుట నిషేధించినది. అయినను చట్టము చేనిగట్టున కావలి కాయజాలదు. కావలి కాయవలసినవారము మనము.

ప్రత్తిచేలకు విరివిగా వాడిన ఎండోసల్ఫాన్ అనునది హార్మోనులను కలతపెట్టు మందులలో నొకటి. కేరళలోని కాసరగోడు ప్రాంతమున జీడిమామిడి తోటలపై దీనిని 2000 వఱకు రెండుదశాబ్దములకు పైగా హెలికాప్టరులతో చల్లిరి. అచ్చటి బాలురకు యౌవనలక్షణములు ఆలస్యమగుచున్నట్లును, హార్మోనులు తాఱుమాఱైనట్లును 2003లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. 2011 మే 13న సుప్రీముకోర్టు దేశమంతట దీని యుత్పత్తిని, విక్రయమును, వాడుకను నిలిపివేసినది. డి.డి.టి.ని వ్యవసాయమునకు వాడుట 1989లోనే నిషిద్ధమైనది. నిషిద్ధమైనంత మాత్రాన మాయమగునవి కావివి. మట్టిలోను, జంతువుల క్రొవ్వులోను ఏండ్లతరబడి నిలిచియుండును.

ప్లాస్టికు విషయమున మన తెలుగునాటి సాక్ష్యమే కలదు. గర్భాశయపు లోపొరవంటి కణజాలము వెలుపల అండాశయములమీద బెరిగి, తీవ్రమగు నొప్పిని, సంతానలేమిని గలిగించు ఎండోమెట్రియోసిస్ అను వ్యాధిగల స్త్రీల నెత్తురును హైదరాబాదు పరిశోధకులు పరీక్షించి, ప్లాస్టికును మెత్తపఱచు థాలేటులు ఇతర స్త్రీలకన్న వారియందధికముగా నున్నవని 2006లో ప్రకటించిరి. రెండును కలిసి కనబడినంతమాత్రాన ఒకటి రెండవదానికి కారణమని తేల్చరాదు. కాని జాగ్రత్తపడుట కీ హెచ్చరిక చాలును.

ఇచ్చట నొక మాట స్పష్టముగా జెప్పవలెను. సంతానలేమికి కారణములు పెక్కు. గర్భసంచికి సోకు క్షయ, నాళములు మూసికొనిపోవుట, వంశపారంపర్యము, వయస్సు, శస్త్రచికిత్సలు, పురుషునియందలి లోపములు — ఇవన్నియు గలవు. ఫలానా స్త్రీ యండాశయము ఫలానా మందువలననే చెడినదని తేల్చి చెప్పుట యే వైద్యునికిని సాధ్యము గాదు. మొదట జెప్పిన కోడలి తల్లి చూలాలై యుండగా ప్రత్తిచేలలో కూలికి బోయెనని మేము విన్నాము. అదియే కారణమని మేమనలేదు. ఆ బిడ్డ పాపము కారణము కాదని మాత్రము గట్టిగా నంటిమి.

మఱి కర్తవ్యమేమి? మొదట మగవారికి జెప్పెదము. పురుగుమందు డబ్బాపై వజ్రాకారపు గుర్తును మీరు చూచియుందురు. ఎఱుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ రంగులు ఆ విషము వెంటనే ప్రాణముదీయు శక్తినిబట్టి పెట్టినవి. ఆకుపచ్చ యున్నంత మాత్రాన గర్భస్థశిశువునకు హానిలేదని యర్థముగాదు. హార్మోనులను కలతపెట్టుటను ఆ రంగు కొలువదు. కావున ఏ రంగైనను గర్భిణులను, బాలికలను మందు కలుపుటకుగాని, కొట్టుటకుగాని, కొట్టిన చేనిలో కలుపు తీయుటకుగాని పంపరాదు. మందు కొట్టి వచ్చినవారు స్నానము చేసినగాని బిడ్డ నెత్తుకొనరాదు. వారి బట్టలను వేఱుగా నుతుకవలెను. ఆ బట్టల నుతుకునది సాధారణముగా చూలాలైన భార్యయే యని మఱువకుడు. ఆ తొమ్మిదినెలలు మీ బట్టలు మీరే యుతుకుకొనుడు. ఇందు మగతనమునకు లోటులేదు. ఖాళీడబ్బాలను నీటికి, గింజలకు, నూనెకు వాడరాదు. వానిని ముమ్మాఱు కడిగి, ఆ నీటిని పిచికారి డబ్బాలోనే పోసి, ఖాళీడబ్బాను పొడిచి పనికిరాకుండ జేయుడు. వంకలోను, బావిగట్టునను పాఱవేయకుడు. మన వంకలనీరు పాపఘ్నిలోనికి బోవునది. పాపములను హరించు నదికి విషమును మోయించుట తగదు.

తల్లులకు జెప్పునది కొంచెమే. వేడిపాలు, వేడిసాంబారు, వేడిటీ పలుచని ప్లాస్టికు సంచులలో తెప్పించుకొనకుడు. ఉక్కుపాత్ర, మట్టికుండ మనకు క్రొత్తవి గావు. పసిబిడ్డలకు తల్లిపాలను మించినది లేదు. తల్లిపాలలోను లేశమాత్రముగ రసాయనములు కనబడవచ్చునని విని పాలు మానకుడు. దానివలని మేలే యధికము. సీసా తప్పనిసరియైనచో బిస్‌ఫినాల్ లేనిదే కొనుడు. 2015నుండి మనదేశపు ప్రమాణములును పాలసీసాలలో దానిని వలదన్నవి. చూలాలైనప్పుడు ఎవరో చెప్పిరని యే మాత్రయు మ్రింగకుడు. స్టిల్బెస్ట్రాల్ గాథ మఱువకుడు. ఆడుపిల్ల యెనిమిదేండ్లలోపల యౌవనలక్షణములు చూపినను, పదునైదేండ్లు నిండినను పెద్దమనిషి కాకున్నను, ముట్లు మాటిమాటికి దప్పినను, దాచక వైద్యునకు జూపుడు.

చివరగా పోషకవరులకును, సంఘపెద్దలకును మూడు మనవులు. విద్యార్థి వసతిగృహమునందు ప్లాస్టికు గంగాళములు, గిన్నెలు తీసివేసి ఉక్కువి యేర్పఱచుటకు ఉదారులెవరైన ముందునకు రావలెను. గ్రామశాఖలు చేతితొడుగులు, ముఖకవచములు, పైదుస్తులు సమకూర్చి చిన్నరైతులకును, కూలివారికిని కులభేదము లేక యీయవలెను. విషమునకు కులము లేదు. మూడవది ధనవ్యయము లేనిది, అన్నిటికన్న కష్టమైనది. బిడ్డలు లేని యాడుబిడ్డను సీమంతమునకు బిలువకుండుట, బారసాలలో వెనుకకు నెట్టుట, గొడ్రాలని నిందించుట మన యిండ్లలో నేటికిని గలదు. భార్యాభర్త లిరువురును పరీక్ష చేయించుకొనకమునుపే భార్యపై నేరము మోపుట గలదు. ఈ యాచారమును విడనాడుదుమని యీ సభ యేకగ్రీవముగా తీర్మానింపవలెనని మేము ప్రార్థించుచున్నాము.

ఆ కోడలి కథ ముగింపక పోరాదు. ఆ యత్తగారు మా మాటలు విని చాలసేపు మాటలాడలేదు. తరువాత, “నేను వీనిని మోయుచుండగా మా చేలలో నెన్నిమాఱులు మందు కొట్టితిరో” యని తమలో దామనుకొనిరి. లేచి పోవునప్పుడు కోడలి చేయి పట్టుకొని మెట్లు దిగిరి. రెండవ సంబంధపు మాట మఱల వినబడలేదు. ఆ దంపతులు పిమ్మట బంధువుల యింటి యొక యాడుశిశువును శాస్త్రోక్తముగాను, చట్టబద్ధముగాను పెంపునకు దెచ్చుకొనిరి.

శ్రావణ శనివారములలో మనమందఱము గండికి బోయి వీరాంజనేయస్వామిని సేవించి వంశాభివృద్ధి కోరుదుము. కోరిక మంచిదే. కోరినవారు తమ చేతనైనది తాము చేసినయెడల దైవమును తోడ్పడును. మన కన్నులయెదుట నున్న బిడ్డలనేగాక, ఆ బిడ్డల గర్భమున పుట్టబోవు బిడ్డలనుగూడ నేడే కాపాడుకొందము గాక.  సర్వే జనాః సుఖినో భవంతు.